పోటు లేని రెండు రోజులు

ఆ రోజు నీవెస్ బుసెత్తో వంటింట్లోకి పోటు పొద్దున ఎనిమిదీ పదికి వచ్చింది. ఎనిమిది కాకముందే ఆమె చెప్పులు అల్మరా పైకెక్కించి, కాఫీ పొయ్యి మీద పెట్టి, రబ్బరు బూట్లు తొడుక్కుని బల్ల దగ్గర కూర్చుంది. నీళ్లు రోజూ వచ్చే దారినే, స్నానాల గది గోడ కిందనుంచి చప్పుడు లేకుండా వచ్చాయి. గచ్చంతా పరుచుకుని, పిక్కల దాకా లేచి ఆగాయి. వేలెడంత పీత ఒకటి కుర్చీ కాలిని పట్టుకుని వేలాడుతోంది. ఆమె దాన్ని చెంచాతో తీసి గిన్నెలో వేసింది. నీళ్లు దిగే పాటు వేళకి దాని దారిన అది పోతుంది.

బియెల్లా కొండల కింద ఊరు. ఉన్ని మిల్లుల ఊరు. సముద్రం అక్కడికి మూడొందల కిలోమీటర్లు. నీవెస్ ఉండేది మూడో అంతస్తులో. అయినా వెనిస్‌లో పుట్టిన మనిషి ఊరు దాటి ఎక్కడ పడుకుంటే ఆ ఊరి పోటు అక్కడికి వస్తుంది. ఆరు గంటలు ఎక్కుతుంది, ఆరు గంటలు దిగుతుంది. గడప దాటదు, కింది వాళ్ల కప్పులోంచి కారదు. ఒకరుంటే ఒకరి పోటు, ఇద్దరుంటే ఇద్దరిది. ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు ముందు పుట్టిన ఊరు అడిగేది అందుకే. వెనిస్‌లో ఇప్పుడు సముద్రం నోటికి గేట్లు కట్టారు. పెద్ద పోటు రోజున గేట్లు లేస్తాయి, ఊళ్లో వాళ్లు పొడి నేల మీద నడుస్తారు. బయట బతికేవాళ్ల కోసం ఆ గేట్లు కట్టలేదు.

నీవెస్ అరవై మూడేళ్ల మనిషి. ముప్పై ఏళ్లు మిల్లులో బట్ట మీద దారపు తప్పులు వెతికి సూదితో సరిచేసింది. ఆ పని మానేసినా కళ్లు మాత్రం మానలేదు. ఎదుటి మనిషిలో తప్పు ఉందంటే ఆమె చూపు ముందు దాని మీదే పడుతుంది. తన తప్పు మీద పడ్డ రోజులు తక్కువ.

బల్ల మీద ఉత్తరం ఉంది. శ్మశాన ద్వీపం నుంచి వచ్చింది. అక్కడ మట్టిలో పెట్టిన మనిషికి గడువు పన్నెండేళ్లు. ఆ తరవాత గుంట తవ్వి ఎముకలు తీసి చిన్న రేకు పెట్టెలో సర్దుతారు, నేల ఇంకొకరికి కావాలి గనక. వాళ్ల అమ్మ ఎల్దాకి వచ్చే బుధవారంతో గడువు తీరుతుంది. పెట్టె ఎక్కడ పెట్టాలో పిల్లలిద్దరూ ఒకే మాట మీద సంతకం చెయ్యాలి. ఆ రోజు మధ్యాహ్నంలోగా మాట కలవకపోతే ఎముకలు ఉమ్మడి గదిలోకి పోతాయి. అక్కడ కలిసిపోయినవి మళ్లీ ఎవరివీ కావు.

తలుపు తట్టి, సమాధానం కోసం ఆగకుండా ఎదురింటి ఒర్సోలా పిదెల్లో లోపలికి వచ్చింది. ఆమె రబ్బరు బూట్లు ఎప్పుడూ నీవెస్ గుమ్మం బయటే ఉంటాయి. ఇరవై ఎనిమిదేళ్లుగా ఎదురెదురు ఇళ్లు, ఇంకా మీరు అనే పిలుచుకుంటారు. బియెల్లాలో అది దూరం కాదు, పద్ధతి.

చంకలో ఏదో పత్రిక ఉంది. ఒర్సోలా దాన్ని తడవకుండా బల్ల మీద విప్పింది. "చూడండి, 'రెండు రోజుల్లో వెనిస్' అని వేశారు. మొదటి రోజు పొద్దున పెద్ద చౌకు, గంట గోపురం. మధ్యాహ్నం చేపల బజారు."

"చేపల బజారు మధ్యాహ్నం ఉండదు. రాసినవాడు వెళ్లలేదు."

"గోపురం ఎక్కరా అయితే?"

"శ్మశానానికి వెళ్తున్నాను నేను."

"అది పొద్దునే అయిపోతుంది కదండీ. మిగతా రోజంతా ఏం చేస్తారు?"

"కూర్చుంటాను."

"రెండు రోజులు కూర్చుంటారా? వెనిస్‌లో?"

"మీరు బియెల్లాలో డెబ్బై ఏళ్లు కూర్చున్నారు. ఎవరైనా ఏమైనా అన్నారా?"

ఒర్సోలా పత్రిక మడిచేసింది. ఆమెకి కోపం రాదు, వచ్చినా భోజనం వేళకి పోతుంది. "సరే, రెండు రాత్రులెందుకు మరి? ఒకటి చాలుగా."

"గోడల కోసం," అంది నీవెస్.

ప్రయాణానికి రెండు రాత్రులని లెక్క వేసింది అందుకే. పన్నెండేళ్లుగా ఆమె ఈ ఇంటి బయట ఒక్క రాత్రి పడుకోలేదు. గోడలు మోకాలెత్తు దాకా ఉప్పు పేరి పొలుసులు రాలుతున్నాయి. సున్నం గిలాబా ఆరడానికి రెండు రోజులు కావాలి, రోజుకి రెండు పోట్లు వచ్చే ఇంట్లో ఎవడు వేస్తాడు? వెనకటికి ఆమెకి పిత్తాశయం ఆపరేషన్ చేసినప్పుడు నాలుగు రాత్రులు పోటు ఆసుపత్రిలో ఆమె మంచం కిందికే వచ్చింది. నర్సులు గొణుక్కుంటూ తుడిచారు. ఇల్లు మాత్రం ఎండిపోయి ఉంది. ఇప్పుడూ అంతే. మంగళవారం పొద్దున ఆమె బయల్దేరగానే తాపీమేస్త్రి గౌదెంజియో వచ్చి పాత గిలాబా చెక్కి కొత్తది వేస్తాడు, గురువారం సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి గోడలు గట్టిపడి ఉంటాయి. మనిషి చావుకైనా, ఎముకల పనికైనా, ఇంటి పని ఒకటి కలిపి పెట్టుకుంటేనే ఆమెకి ప్రయాణం దండగ అనిపించదు.

ఒర్సోలా తాళంచెవి తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి అడిగింది. "తమ్ముడితో మాట్లాడారా?"

"మాట్లాడాలి."

"మెల్లగా మాట్లాడండి."

"నేనెప్పుడూ మెల్లగానే మాట్లాడతాను," అంది నీవెస్. అది నిజమే. ఆమె గొంతు పెంచగా ఎవరూ వినలేదు. పెంచితే బాగుండునని చాలామంది అనుకున్నారు.

దనీలో ఆమె కన్నా ఏడేళ్లు చిన్న. వెనిస్ దాటి ఎక్కడా ఒక రాత్రి గడపనివాడు. అమ్మ పోయాక ఆ ఇంటి గదులు యాత్రికులకి అద్దెకిస్తున్నాడు. ఫోన్ ఎత్తేసరికి వెనకనుంచి రాళ్ల మీద పెట్టెల చక్రాల మోత వినిపించింది.

"నేను," అంది నీవెస్.

"నేనంటే? ఈ నంబరుకి రోజుకి నలభై మంది నేనే అంటారు."

"నీ అక్కని."

"ఓహో. ఉత్తరం అందిందన్నమాట. సంతకం పెట్టి పంపించు, రావక్కర్లేదు."

"సంతకానికి కాదు. అమ్మని నేను తెచ్చుకుంటాను. ఇక్కడి శ్మశానం గోడలో గూడు చూశాను, ఎండ తగిలే వైపు."

చక్రాల మోత ఆగిపోయింది. తలుపు వేసినట్టున్నాడు. "నాన్న పక్క గూడు తీసిపెట్టాను నేను. నాలుగేళ్ల కిందటే."

"నాన్న పక్కన ఆవిడ బతికుండగానే ఉండలేకపోయింది."

"చూడు, అక్కా. బతికున్నప్పుడు నీ దగ్గరికి వస్తానంటే వద్దన్నావు. ఎముకలైతే తిండి అడగవు, రాత్రి దగ్గవు. నీళ్లు కూడా తేవు. బాగా ఆలోచించావు."

నీవెస్ ఫోన్ ఒక చెవినుంచి రెండో చెవికి మార్చుకుంది. అమ్మ ఫోన్ చేసిన రోజు ఆమెకి ఎప్పుడూ గుర్తే. నాలుగంతస్తులు ఎక్కలేకపోతున్నానే, మీ ఇంటికి లిఫ్టు ఉందిగా, వస్తాను, అంది ఎల్దా. ఇద్దరి పోటు ఈ ఇల్లు మొయ్యదమ్మా, నీళ్లు బల్ల ఎక్కుతాయి, అంది నీవెస్. సరేలే, అని ఎల్దా ఫోన్ పెట్టేసింది. ఎనిమిది నెలలకి పోయింది. ఆ ఎనిమిది నెలలూ దనీలో ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీద దింపాడు, ఎక్కించాడు. చావు కబురు మాత్రం అక్కకి మట్టి కప్పాక చెప్పాడు. నీళ్లు ఎక్కువున్నాయి, నువ్వు రాలేవనుకున్నాను, అన్నాడు. ఆ మాట నీవెస్ పన్నెండేళ్లుగా దాచుకుంది. దాన్ని ముందు పెట్టుకుంటే తను అన్నది వెనక్కి పోతుంది.

"ఒప్పుకోను," అంది.

"నేనూ ఒప్పుకోను."

"అయితే ఉమ్మడి గదిలోకి పోతుంది."

"పోనీ. నీ చేతికి మాత్రం ఇవ్వను."

"నీ చేతికి నేనూ ఇవ్వను." అంతదూరం వచ్చాక ఇద్దరూ ఆగారు. తల్లి ఎముకల గురించి పిల్లలు అనకూడని మాట అది. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ వెనక్కి తీసుకోలేదు.

"పడుకోడానికి గది కావాలి," అంది నీవెస్. "మంగళవారం నుంచి రెండు రాత్రులు."

"అందరిలాగే బుక్ చేసుకో."

"నేను పుట్టిన గది అది."

"అందులో పుట్టినవాళ్లకి రాయితీ లేదు," అన్నాడు దనీలో.

ఆమె బుక్ చేసుకుంది. పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు అని ఫారం అడిగింది. వెనిస్ అని నింపింది. గదికి వచ్చే వేళ, పోయే వేళ, బూట్లతో మంచం ఎక్కరాదు, కిటికీలోంచి కాలవలోకి ఏమీ విసరరాదు అని నియమాలు వచ్చాయి. ఆమె మొత్తం చదివింది. తప్పు ఒకటి దొరికింది, అదీ తమ్ముడికి రాసి పంపింది.

మంగళవారం పొద్దున గౌదెంజియో బకెట్లూ తాపీలూ పట్టుకుని ఏడింటికే వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, మాట కన్నా ఈల ఎక్కువ. గోడ మీద గోరుతో గీకి చూశాడు.

"సిన్యోరా, ఒక్క చుక్క ఉప్పునీరు తగిలినా నా పూచీ లేదు."

"ఈ పొద్దుటి పోటు ఒక్కటి వచ్చి దిగనివ్వండి, రాత్రి ఇక్కడే పడుకున్నాను గనక. ఆ తరవాత తగలదు. పోటు నాతో వస్తుంది."

"రాత్రి ఎక్కడ పడుకుంటారు?"

"వెనిస్‌లో."

"ఇంకేం, దాని ఇంటికి అది పోతుంది," అని అతను సుత్తి తీశాడు.

సాంతియాలో ఒకసారి, మిలాన్‌లో ఒకసారి రైలు మారి, మూడున్నరకి ఆమె వెనిస్‌లో దిగింది. స్టేషన్ మెట్ల మీద జనం ఫోటోలు తీసుకుంటున్నారు. ఒక కుర్రజంట ఆమె చేతిలో ఫోన్ పెట్టి ఫోటో తియ్యమంది. ఆమె తీసి, "మీ పెట్టె దారికి అడ్డంగా ఉంది," అని చెప్పి నీటిబస్సు ఎక్కింది.

దనీలో తలుపు తీశాడు. తల నెరిసింది. ఆమెని లోపలికి రమ్మనలేదు, పక్కకి జరిగాడు. "గుర్తింపు కార్డు," అన్నాడు చెయ్యి చాపి.

"నా మొహం చాలదా?"

"నియమం. నువ్వు చదివావుగా, తప్పు కూడా దిద్దావు."

ఆమె కార్డు ఇచ్చింది. అతను ఫోటో తీసుకుని తిరిగిచ్చాడు. రాత్రికి అన్నం తింటావా అని అడగలేదు. పొద్దున ఏడున్నరకి బయల్దేరాలి, అని మాత్రం చెప్పాడు. గదిలో గోడలకి తెల్లరంగు వేశారు. మంచం మీద మడతపెట్టిన తువ్వాలు రెండు. అమ్మ వాడిన వస్తువు ఒక్కటీ లేదు. నీవెస్ గోడ అంచులు చూసింది. గిలాబా పని బాగా చేశారు, పొలుసు లేదు. గేట్ల వెనక బతికే ఇల్లు. 

బుధవారం మంచు కురిసి గాలి కదలకుండా ఉంది. ద్వీపానికి పోయే నీటిబస్సులో అక్కాతమ్ముళ్లు చెరో కొసన నిలబడ్డారు. శ్మశానంలో ఎల్దా గుంట చుట్టూ పాతిన గుంజల మధ్య ముగ్గురు పనివాళ్లు ఎదురుచూస్తున్నారు. వాళ్లలో పెద్దాయన టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, పని మొదలెట్టమన్నాడు. మట్టి తడిగా, నల్లగా వచ్చింది. మొదట చెక్క ముక్కలు, తరవాత ఎల్దా. వాళ్లు తొందరపడకుండా ఒక్కొక్క ఎముకా తీసి, కుంచెతో తుడిచి, పాదాల నుంచి మొదలుపెట్టి పెట్టెలో సర్దారు. చిన్న మనిషి ఎల్దా. పెట్టెలో ఇంకా చోటు మిగిలింది.

దనీలో జేబులో చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.  "చూశావుగా," అన్నాడు అక్కవైపు చూడకుండా. "ఎనిమిది నెలలు నేను మోసిన మోకాళ్లు అవి."

"నన్ను పిలిచుంటే నేనూ మోసేదాన్ని."

"ఆవిడే పిలిచింది."

పెద్దాయన గొంతు సవరించుకుని వాళ్లని ఆఫీసు గదిలోకి తీసుకుపోయాడు. బల్ల మీద రెండు కాగితాలు పెట్టాడు. "ఒకటి ఇక్కడి గోడకి, ఒకటి బయటి ఊరికి. ఏదైనా ఒకదాని మీద ఇద్దరూ. లేదంటే పన్నెండింటికి ఉమ్మడి గది. నేను చెప్పేది అంతే, మీ ఇంటి విషయం నాకక్కర్లేదు."

"బయటి ఊరు," అంది నీవెస్.

"ఇక్కడి గోడ," అన్నాడు దనీలో.

పెద్దాయన గడియారం చూసి బయటికి వెళ్లి కూర్చున్నాడు. పావుగంట ఇద్దరూ ఒకే మాట తిప్పి తిప్పి అనుకున్నారు. పదిన్నరకి నీవెస్ ఫోన్ మోగింది. ఒర్సోలా.

"ఏమండీ, మీరు వెనిస్‌లోనే ఉన్నారా?" అంది.

"ఎక్కడుంటాను?"

"ఏం లేదు, గౌదెంజియో గొడవ చేస్తున్నాడు. పొద్దున వచ్చేసరికి నిన్న వేసిన గిలాబా కింద జానెడు ఊడిపోయి ఉంది. సున్నం మంచిది కాదేమో అనుకున్నాం. మళ్లీ వేశాడు. ఇప్పుడు మేం చూస్తుండగానే నీళ్లొచ్చాయి. అదే గోడ కిందనుంచి."

వెనకనుంచి గౌదెంజియో తిట్లు వినిపిస్తున్నాయి. అతను ఈల వెయ్యడం లేదు.

"ఎంత?" అంది నీవెస్.

"చీలమండ దాకా. రోజూ వచ్చేదాంట్లో సగం. అచ్చం పోటే, పీత కూడా వచ్చింది." ఒర్సోలా గొంతు తగ్గించింది. "అడక్కూడదు గానీ, మీ ఇంట్లో ఇంకెవరైనా ఉంటున్నారా? మీ ఊరివాళ్లు?"

నీవెస్ గోడకి ఆనుకుంది.

పన్నెండేళ్ల కింద, అమ్మ పోయిన చలికాలంలోనే, వంటింట్లో నీళ్లు చీలమండ నుంచి పిక్కలకి ఎక్కాయి. సముద్రాలు పెరుగుతున్నాయని పత్రికలన్నీ రాశాయి. ఆమె నమ్మింది. బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టింది, పొడుగు బూట్లు కొంది, మళ్లీ దాని గురించి ఆలోచించలేదు. ఇద్దరి పోటు ఆ ఇల్లు మొయ్యదని తల్లికి చెప్పింది. ఇల్లు మోసింది. పన్నెండేళ్లుగా రోజుకి రెండుసార్లు మోస్తూనే ఉంది. వద్దన్నా వచ్చి, అడగకుండా, ఏమీ అనకుండా ఆ వంటింట్లో ఉండిపోయిన మనిషి ముందు తను పొద్దునా సాయంత్రం కాఫీ తాగుతూ తమ్ముడి తప్పులు నెమరేసుకుంది.

"వింటున్నారా?" అంది ఒర్సోలా.

"వింటున్నాను. గౌదెంజియోని పని ఆపమనండి. గోడలు అలాగే వదిలెయ్యమనండి."

"మరి నీళ్లు?"

"నీళ్లు ఉండనీండి. మీరు కాసేపు అక్కడే కూర్చోగలరా? నేను వచ్చేదాకా కాదు, కాసేపు. ఇల్లు వట్టిగా ఉండకుండా."

ఒర్సోలా ఎందుకని అడగలేదు. "అల్లిక తెచ్చుకుని కూర్చుంటాను," అంది.

నీవెస్ ఫోన్ సంచిలో పెట్టింది. దనీలో అనుమానంగా చూస్తున్నాడు.

"ఏమైంది?"

చెప్పడానికి ఒక్క ముక్క చాలు. అమ్మ నా దగ్గరే ఉందిరా, నువ్వు పన్నెండేళ్లు పూలు పెట్టింది మట్టికి. ఆ మాట అంటే దనీలో అక్కడే కూలిపోతాడు. కుర్చీలో మోసిన వాడు, ముక్కు తుడిచినవాడు, గూడు తీసిపెట్టినవాడు. అమ్మ చచ్చి కూడా వాణ్ణి వదిలి వద్దన్న కూతురి దగ్గరికి పోయిందని తెలిస్తే వాడికి ఇక ఏమీ మిగలదు. మాట నాలుక మీదికి వచ్చేసింది. జీవితంలో ఇంత పదునైన మాట ఆమెకి ఎప్పుడూ దొరకలేదు. దొరికిన తప్పునల్లా ఎత్తి చూపిన మనిషి, అరవై మూడేళ్లలో మొదటిసారి నోరు మూసుకుంది. అది ఆమెకి ఎవరూ నేర్పలేదు, తేలిగ్గానూ రాలేదు.

"ఇంట్లో గిలాబా ఊడింది," అంది. బల్ల దగ్గరికి వెళ్లి, ఇక్కడి గోడ అన్న కాగితం ముందుకు లాక్కుని సంతకం చేసింది.

దనీలో కాగితం తీసుకుని, ఆమె సంతకం రెండుసార్లు చూశాడు. "ఇందులో మెలికేంటి?"

"మెలిక లేదు."

"ఇల్లు అడగాలనా?"

"ఇల్లు నీది. గదిలో కొళాయి కారుతోంది, చూసుకో."

"నీకు సిగ్గు వచ్చిందా, ఇన్నాళ్లకి?"

"వచ్చిందనుకో," అంది నీవెస్.

దనీలో కలం తీసుకుని తనూ సంతకం పెట్టాడు.  పెట్టెని నాన్న పక్క గూట్లో పెడుతున్నంతసేపూ అతను రాతి పలకకి అరచెయ్యి ఆనించి ఉంచాడు. నీవెస్ నాలుగడుగుల వెనక నిలబడి, ఆ చేతిని చూసి, తల తిప్పుకుంది.

"రెండో రాత్రి గది ఉంది నీకు," అన్నాడు దనీలో తిరిగొస్తూ. ముందు రోజు కన్నా గొంతు మెత్తగా ఏం లేదు.

"వద్దు. ఒంటిగంట బండికి పోతాను."

"డబ్బు తిరిగి రాదు."

"నియమం చదివాను."

రేవు దగ్గర ఇద్దరూ చెరో నీటిబస్సు ఎక్కారు. 

బియెల్లాలో ఆమె ఇల్లు చేరేసరికి సాయంత్రం ఏడు దాటింది. ఒర్సోలా బూట్లు గుమ్మం బయట ఉన్నాయి, లోపల నీళ్లు దిగి నేల తడిగా ఉంది, గోడల కింద చెక్కిన గిలాబా కుప్పలుగా పడి ఉంది. ఒర్సోలా తాళంచెవి బల్ల మీద పెట్టేసి వెళ్లింది. నీవెస్ కోటు విప్పింది, దీపం వేసింది, కాఫీ పెట్టింది. అలవాటుగా ఒక కప్పు తీసి, ఆగి, రెండోది తీసింది.

పోటు పదిన్నర దాటితే గానీ రాదు. ఆమె రెండో కుర్చీ లాగి, దాని కాళ్ల కింద కూడా ఇటుకలు పెట్టింది. ఎత్తు సరిపోయిందో లేదో చెయ్యి ఆనించి చూసింది.

"కాళ్లు పైకి పెట్టుకో, అమ్మా," అంది, ఎప్పటిలాగే కటువుగా. "ఇద్దరం ఉన్నాం, నీళ్లు ఎక్కువొస్తాయి."